కుళాయికి మోటారు, బండికి బూస్టర్

పోయిన సంక్రాంతికి నాలుగు రోజుల ముందు మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. పంపింది డాలస్‌లో ఉండే మా పెదనాన్న కొడుకు. పికప్ ట్రక్కు నెత్తిన జానెడు యాంటెన్నా, సీటు కింద సిగ్నల్‌ను పెంచే బూస్టర్ అనే ఒక రేకు పెట్టె, డాష్‌బోర్డు మీద ఫోన్‌లో నిండుగా గీతలు. ‘చుట్టూ ముప్పై మైళ్ల దాకా ఊరు లేదు, అయినా వీడియో కాల్’ అని కింద రాశాడు. గ్రూపులో అందరూ తలా ఒక బొటనవేలు ఎత్తి వాళ్ల పనుల్లో పడ్డారు. మా బావమరిది మాత్రం ఆ రాత్రే ఫోన్ చేశాడు.

“బావా, ఆ డబ్బా మనకు యాడ దొరుకుతుంది?”

వాడిది టెంపో ట్రావెలర్. ఉండేది బెంగళూరు రామమూర్తి నగర్. శుక్రవారం రాత్రి జనాన్ని ఎక్కించుకుని తిరుపతి తీసుకెళ్లి, దర్శనం చేయించి, ఆదివారం పొద్దుగూకేలోపు తెచ్చి దించుతాడు. ఎక్కేవాళ్లలో సగం మంది సాఫ్ట్‌వేర్ వాళ్లు. వాళ్లలో మళ్లీ సగం మంది దేవుడి దగ్గరికి పోతూ కూడా లాప్‌టాప్ మూయరు. “పలమనేరు దాటి అడవిలో పడతానే టవర్ పోతుంది. అందరూ ఒకేసారి తలెత్తి నన్ను చూస్తారు బావా, నేనేదో వైరు పీకేసినట్టు.”

నవ్వాను. వద్దని మాత్రం అనలేదు. అనాల్సిన మనిషిని నేనే. ఒకప్పుడు ఇదే ఊళ్లో ఇలాంటి డబ్బాలను వెతికి పట్టుకోవడం నా ఉద్యోగంలో భాగం.

మడివాళ మేడ మీద

2011 నుంచి మూడేళ్లు డ్రైవ్ టెస్ట్ పని చేశాను. ఒక అద్దె కారు, వెనక సీట్లో లాప్‌టాప్, దానికి కట్టేసిన నాలుగు ఫోన్లు, పైకప్పు మీద అయస్కాంతంతో అతుక్కునే జీపీఎస్ బిళ్ల. రోజంతా వీధులు తిరుగుతూ ఎక్కడ సిగ్నల్ ఎంతుందో రికార్డు చేయాలి. బెంగళూరు ట్రాఫిక్‌లో ఈ పనికి జీతం ఇచ్చారంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

ఒకసారి మడివాళ వైపు ఒక టవర్‌లో ఒక సెక్టార్, అంటే ఒక దిక్కుకు చూసే భాగం, పాడైంది. అక్కడి వాళ్ల ఫోన్లలో గీతలు నిండుగానే ఉంటాయి, కాల్ కలవదు. కలిసినా తెగిపోతుంది. టవర్ చెవిన పడే రొదను కొలిచే అంకె ఒకటుంటుంది, ఆర్‌టీడబ్ల్యూపీ అంటాం. 3జీలో రద్దీ లేనప్పుడు అది మైనస్ 105 చుట్టుపక్కల ఉండాలి. ఆ సెక్టార్‌లో మైనస్ 88 చూపిస్తోంది. ఈ లెక్కలో పది పెరిగితే పది రెట్లు పెరిగినట్టు. పదిహేడు పెరిగిందంటే రొద యాభై రెట్లయిందన్నమాట.

చేపముల్లు లాంటి యాగీ యాంటెన్నా ఒకరం, స్పెక్ట్రమ్ అనలైజర్ ఒకరం పట్టుకుని రెండు రోజులు సందుసందూ తిరిగాం. జనం మమ్మల్ని కేబుల్ టీవీ వాళ్లనుకున్నారు. చివరికి ఒక పీజీ హాస్టల్ మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన దొరికింది. కింద సెల్లార్‌లో మెస్ నడుపుతున్నారు, అక్కడ టవర్ రావడం లేదని ఓనరు బూస్టర్ పెట్టించుకున్నాడు. నెల్లూరు వైపు మనిషి. మా తెలుగు విని కొంచెం మెత్తబడ్డాడు గానీ తగ్గలేదు. “నా డబ్బు పెట్టి కొనుక్కున్నా, మా పిల్లోళ్ల కోసరం. మీ టవర్ లోపలికి రాకపోతే అది నా తప్పా?” అన్నాడు. ప్లగ్గు పీకించాం. ఆఫీసులో స్క్రీన్ ముందు కూర్చున్న మా వాడు ఫోన్‌లో “పడింది, పడింది, నూట నాలుగు” అని కేక పెట్టాడు. ఒక్క ప్లగ్గు.

ఆయన అడిగినదానికి ఆ రోజు మేం జవాబు చెప్పలేదు. మా పని ప్లగ్గు పీకించడం వరకే.

బిల్లు లేని పెట్టె

మావాడి కోసం ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డుకు వెళ్తే, మూడో దుకాణంలోనే బూస్టర్ దొరికింది. పెట్టె మీద కంపెనీ పేరు లేదు. 900, 1800, 2100 అని అది పెంచే ఫ్రీక్వెన్సీ బ్యాండ్ల అంకెలు మూడు, పక్కన ఒక టవర్ బొమ్మ. పదకొండు వేలన్నాడు, తొమ్మిదిన్నరకు దిగాడు. బిల్లు అడిగితే “బిల్ బేడ సార్, నానిద్దీని” అన్నాడు, బిల్లు వద్దు, నేనున్నాను కదా అని. బిల్లు ఎందుకు లేదో అతనికీ తెలుసు, నాకూ తెలుసు. మన దేశంలో లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే 1933 నాటి చట్టం నుంచీ నేరం. బూస్టర్లు అమ్మకూడదు, కొనకూడదు, పెట్టకూడదు, అది టెలికం కంపెనీలు మాత్రమే చేయదగ్గ పని అని 2022 జనవరిలో టెలికం శాఖ ఇంకోసారి గుర్తుచేసింది. 2023లో వచ్చిన కొత్త టెలికం చట్టం కూడా రేడియో పరికరం చేత పట్టాలంటే అనుమతి కావాలనే అంటోంది. ఇవన్నీ తెలిసి నేను ఆ దుకాణంలో నిలబడ్డాను. ఆ రోజు నాకు నేను చెప్పుకున్న సాకు ఒక్కటే: మావాడు తిరిగేది అడవి దారి, మడివాళ కాదు.

బిగించడం సరదాగానే ఉంది, అబద్ధం ఎందుకు. ఇలాంటి పొట్టి యాంటెన్నాకు కింద ఉన్న ఇనుప రేకు కూడా యాంటెన్నాలో సగం లెక్క. అందుకే పైకప్పుకు నడిమధ్యన పెట్టాలి, అంచున పెడితే ఒక పక్కకే మొగ్గుతుంది. మావాడి బండి మీద ముందు ఏసీ, వెనక లగేజీ క్యారియర్. రెండింటి నడుమ మూరెడు చోటు దొరికింది. కేబుల్‌ను వెనక తలుపు రబ్బరు పక్కనుంచి లోపలికి లాగి, వాన నీళ్లు దాని వెంట దిగకుండా బయట కిందికి ఒక వంపు వదిలాం. పెట్టెకు గాలి తగిలేలా సీటు కింద చెక్క మీద బిగించాం. ఇగ్నిషన్‌తో పాటు ఆరిపోయే ఫ్యూజు నుంచి కరెంటు తీసింది మావాడు. అది నాకు తట్టలేదు. నేనైతే లైటర్ సాకెట్‌లో గుచ్చేసి ఉండేవాణ్ని, బండి పార్కింగ్‌లో ఉన్న రాత్రంతా అది వీధి మీద రొద పోస్తూ ఉండేది.

ఆన్ చేయగానే ఎర్ర లైటు. పెళ్లి పందిట్లో మైకు పట్టుకుని స్పీకర్ ముందుకు పోతే గీమంటుందే, అదే సంగతి. లోపలి యాంటెన్నా మాట్లాడింది బయటి యాంటెన్నాకు వినబడుతోంది, అది దాన్నే పెంచి మళ్లీ లోపలికి ఇస్తోంది. లోపలి దాన్ని డ్రైవర్ సీటు వెనక్కి, వీలైనంత దూరం జరిపితే పచ్చ లైటు వచ్చింది. పందిట్లో మైకు గీపెడితే అందరూ చెవులు మూసుకుంటారు, ఎవడో పరిగెత్తుకెళ్లి ఆపుతాడు. ఈ గోల మనకు వినబడదు. టవర్‌కు వినబడుతుంది.

మొగిలి ఘాట్ దగ్గర టీ

మొదటి ట్రిప్పుకు నేనూ ఎక్కాను. కోలారు, ముళబాగిలు దాటి నంగలి దగ్గర రాష్ట్రం మారేదాకా ఏ తేడా తెలియలేదు, తెలియాల్సిన అవసరమూ లేదు. పలమనేరు తర్వాత, ఎప్పుడూ ఒక గీత మిణుకుమిణుకుమనే చోట, మూడు గీతలు నిలబడ్డాయి. ఒకాయన వాళ్లమ్మతో మాట మధ్యలో తెగకుండా ఏడెనిమిది నిమిషాలు మాట్లాడాడు. మావాడు అద్దంలో నాకేసి చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. బూస్టర్ పని చేయదని ఎవరైనా అంటే నమ్మకండి. ఉన్న సిగ్నల్ పలచగా ఉన్నచోట అది బాగా పని చేస్తుంది. టవర్ దగ్గరైనట్టు అనిపించి ఫోన్ గొంతు తగ్గించుకుంటుంది, బ్యాటరీ కూడా కాస్త ఎక్కువసేపు వస్తుంది.

ఆ వెనక సీట్లో ఒకమ్మాయి మాత్రం “అన్నా, సిగ్నల్ ఫుల్ చూపిస్తోంది, మీటింగ్ ఎందుకు కట్ అవుతోంది?” అని అడిగింది. మావాడు నన్ను చూపించాడు. ఆ అమ్మాయి ఫోన్ అంతకుముందు 2300 బ్యాండ్ మీద ఉంది. ఆ బ్యాండ్‌లో పంపడమూ అందుకోవడమూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద, వంతులవారీగా జరుగుతాయి. ఆ వంతుల తాళం తెలియని పెట్టె అందులో వేలు పెట్టలేదు. ఇక్కడ 5జీకి ఎక్కువగా వాడే 3300 మెగాహెర్ట్జ్ వైపు కూడా ఇదే కథ. బూస్టర్ పెంచిన 1800 వైపు ఫోన్ మళ్లింది, గీతలు నిండాయి. ఆ బ్యాండ్ మీద అప్పటికే ఎంతమంది ఉన్నారో గీతలు చెప్పవు కదా. పైగా పెట్టె సిగ్నల్‌ను పెంచేటప్పుడు దాంతో కలిసి వచ్చిన రొదనూ అంతే పెంచుతుంది. ఇదంతా చెప్పబోయి ఆపేశాను. ఆ అమ్మాయి హెడ్‌ఫోన్స్ పెట్టేసుకుంది.

మొగిలి ఘాట్‌కు వచ్చేసరికి పచ్చ లైటు వెలుగుతూనే ఉంది, నా ఫోన్‌లో ఏమీ లేదు. సున్నాను లక్షతో హెచ్చవేసినా సున్నే. టీకి ఆపాం. టీ కొట్టాయన స్టూలు మీద ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి సీరియల్ చూస్తున్నాడు. ఒక్క క్షణం కూడా ఆగకుండా, చక్రం తిరక్కుండా. ఆయనది వేరే కంపెనీ సిమ్. నా ఫోన్ తీసి చూశాను. పైన ‘ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ’ అని ఉంది.

అక్కడే మా ఇద్దరికీ వాదన మొదలైంది. మడివాళ కథ చెప్పి, ఈ పెట్టె తీసేద్దామన్నాను. వాడు గ్లాసు కింద పెట్టి, “మడివాళలో పక్కింటోడు ఉన్నాడు బావా. ఈ ఘాట్‌లో నాకు పక్కింటోడు ఎవడు? ఏనుగులా?” అన్నాడు. కౌండిన్య అడవి పక్కనే, నిజంగానే ఏనుగులున్న చోటు. వెంటనే జవాబు దొరకలేదు నాకు.

చివరింటి కుళాయి

చిత్తూరులో మా వీధికి మున్సిపాలిటీ నీళ్లు రోజు మార్చి రోజు వచ్చేవి. వీధి మొదట్లో ఒకరు కుళాయికి నేరుగా అర హార్స్ పవర్ మోటారు బిగించారు. మాది చివరి నుంచి రెండో ఇల్లు. మా కుళాయి తిప్పితే గాలి వచ్చేది, కుక్కర్ విజిల్‌లాగా. నాలుగు నెలల్లో వీధి వీధంతా మోటార్లు వచ్చాయి. నీళ్లు మాత్రం ముందు ఎన్ని వచ్చేవో అన్నే. మా అమ్మ ఒక్కతే మోటారు పెట్టనివ్వలేదు, బోరింగు దగ్గరికి పోయేది. అది నీతి కోసమా, కరెంటు బిల్లు కోసమా అని అడిగితే ఇప్పటికీ చెప్పదు.

బూస్టర్‌ను మోటారుతో పోల్చడం సగమే సరి. అది ఎవరి సిగ్నల్‌నూ పీల్చుకోదు. అది చేసే చెరుపు ఇంకో రకం. టవర్‌కు చెవి ఒక్కటే, ఫోన్లు వందలు. అందుకని ఒక్కోదానికి గొంతు పెంచు, తగ్గించు అని చెబుతూనే ఉంటుంది. 3జీలో అయితే సెకనుకు 1,500 సార్లు. ఫోన్ ఆ మాట వింటుంది. నడుమ కూర్చున్న బిల్లు లేని పెట్టె వినదు. ఎవరూ మాట్లాడకపోయినా తన సొంత రొదను టవర్ వైపు విసురుతూనే ఉంటుంది. అప్పుడు మొదట మునిగిపోయేది టవర్‌కు అందరికంటే దూరంగా ఉన్న ఫోన్, అప్పటికే గొంతు చించుకుని మాట్లాడుతున్నది. అంటే అడవి అంచున చేలో మోటారు వేయడానికి వెళ్లిన రైతుది. చివరింటి కుళాయి.

అయినా మావాడి ప్రశ్న అంత తేలికగా కొట్టేయదగ్గది కాదు. ఆ ఘాట్‌లో, ఆ రాత్రి, మా పెట్టె వల్ల ఎవరి కాలైనా తెగిందని నేను నిరూపించలేను. నిజానికి తెగి ఉండదనే నా అంచనా. కానీ బండి అక్కడే ఆగిపోదు. గంట తిరక్కుండా చిత్తూరులో, ఆ తర్వాత తిరుపతి బస్టాండ్ పక్కన, మూడో రోజు మళ్లీ కేఆర్ పురం వంతెన కింద ఉంటుంది, అదే పచ్చ లైటుతో. ఘాట్‌లో ఆన్ చేసి ఊళ్లో ఆఫ్ చేస్తానని వాడు ఒట్టేశాడు. స్టీరింగ్ ముందున్న మనిషికి అది ఎన్ని రోజులు గుర్తుంటుంది?

మరి డాలస్ అన్నయ్య? వాడికి తప్పు కాదా? కాదు. అక్కడి టెలికం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2013లో కొత్త నియమాలు తెచ్చింది, 2014 మార్చి నుంచి ఆ ప్రమాణాలకు సరిపడే బూస్టర్లే అమ్మాలి. లోపల యాంటెన్నా పెట్టుకునే, అన్ని కంపెనీల సిగ్నల్‌నూ పెంచే వాహనాల రకానికి గెయిన్, అంటే పెంచే మోతాదు, 50 డెసిబెల్స్ దాటకూడదు. అదీ తక్కువేం కాదు, లక్ష రెట్లు. కానీ ఆ పెట్టె టవర్ దగ్గర పడగానే తనంతట తానే తగ్గాలి, గీపెట్టడం మొదలైతే తనే ఆగిపోవాలి. కొన్నవాడు తన టెలికం కంపెనీ దగ్గర నమోదు చేసుకోవాలి. డ్రైవర్ జ్ఞాపకశక్తి మీద ఆధారపడలేదన్నమాట. మన దగ్గర ఇలాంటి దారి ఎందుకు తెరవలేదని అడగొచ్చు, నేనూ అడుగుతాను. మొత్తంగా నిషేధించి, ఎస్పీ రోడ్డులో మూడో దుకాణంలోనే దొరికేలా ఉంచడం కంటే, మంచి పెట్టెకు ఒక ముద్ర వేసి అమ్మనివ్వడం నయం కదా.

చాలా రోజులు ఇదే నా అభిప్రాయం. ఆ టీ కొట్టు దగ్గర అది మారింది.

ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ

ఎందుకంటే అమెరికా వాళ్ల మంచి పెట్టె తెచ్చి బిగించినా మొగిలి దగ్గర నాకు సున్నే వచ్చేది. మా కంపెనీ సిగ్నల్ అక్కడ లేనే లేదు. పక్క కంపెనీది సీరియల్ ఆగకుండా చూసేంత ఉంది.

ఆ అక్షరాల అర్థం డ్రైవ్ టెస్ట్ రోజుల నుంచీ నాకు తెలుసు, కానీ ఎప్పుడూ ఆగి ఆలోచించలేదు. ఏ కంపెనీ టవరూ అందకపోతే ఫోన్ ‘నో సర్వీస్’ అంటుంది. ‘ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ’ అందంటే సాధారణంగా దానికి ఇంకో కంపెనీ టవర్ దొరికింది, దాని పక్కన చేరి కూర్చుంది అని. 112 కొడితే ఆ టవర్ ద్వారానే పోతుంది. యాంటెన్నా చాలు, దూరం చాలు, టెక్నాలజీ చాలు. ‘అమ్మా, తొమ్మిదికి చేరతాం’ అని చెప్పడానికి మాత్రం అనుమతి లేదు. తొమ్మిదిన్నర వేలు పోసి మేం కొన్న పెట్టె ఈ అనుమతిని ఎలా పెంచుతుంది?

ఇది కుదరని పనేమీ కాదు. ఒకే సర్కిల్‌లో, అంటే దాదాపు ఒక రాష్ట్రమంత లైసెన్సు ప్రాంతంలో, ఒక కంపెనీ ఫోన్ ఇంకో కంపెనీ టవర్ వాడుకోవడాన్ని ఇంట్రా సర్కిల్ రోమింగ్ అంటారు. నేను ఉద్యోగంలో చేరిన 2011లోనే ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియా తమకు 3జీ స్పెక్ట్రమ్ లేని చోట్ల ఒకరి నెట్‌వర్క్ ఒకరు వాడుకునే ఒప్పందాలు చేసుకున్నాయి. టెలికం శాఖ కుదరదంది. మూడేళ్లు కొట్లాడాక 2014లో టెలికం ట్రిబ్యునల్ టీడీశాట్ కంపెనీల వైపే తీర్పు చెప్పింది. వాళ్లకు గిట్టుబాటు అయిన రోజున చేశారు, కోర్టు దాకా వెళ్లి మరీ చేశారు. ఈ మధ్య పెద్ద తుపాన్లు వచ్చినప్పుడు ఇదే రోమింగ్‌ను ప్రభుత్వం తాత్కాలికంగా తెరిపిస్తోంది. 2025 జనవరిలో, ప్రభుత్వ నిధులతో కట్టిన 27 వేలకు పైగా 4జీ సైట్లలో ఒక కంపెనీ టవర్ మీద ఇంకో కంపెనీ సిమ్ కూడా పలికేలా ఏర్పాటు మొదలైంది. అంటే మారుమూల పల్లెకు ఇవ్వదగ్గది అని వాళ్లకూ తెలుసు. నాకు కావాల్సింది హైవేల వెంట, ఘాట్లలో, అడవి దారుల్లో కూడా, ఎవరి డబ్బుతో కట్టిన టవరైనా, ఆ ఏర్పాటే. బూస్టర్లకు ముద్ర వేయడం ఆ తర్వాత సంగతి.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. నాతో పని చేసిన స్నేహితుడొకడు ఇప్పటికీ ఒక కంపెనీలో ప్లానింగ్ చూస్తాడు. వాడికి చెబితే ఎగిరాడు. “కొండ మీదికి కరెంటు లాగి, డీజిల్ మోసి మేం టవర్ పెడితే, పెట్టనివాడి కస్టమర్ వచ్చి కూర్చుంటాడా? అట్లయితే రేపు ఎవడు కడతాడు?” న్యాయమే. పక్కవాడికంటే మా కవరేజీ ఎక్కువ అని చెప్పుకోవడం కోసమే ఇంతదాకా టవర్లు లేచాయి, ఆ పోటీ పోతే ఘాట్‌లో ఒక్కటి కూడా మిగలకపోవచ్చు. వాడితో నేను పూర్తిగా గెలవలేదు. నిమిషానికింత, ఎంబీకింత అని పెట్టనివాడు పెట్టినవాడికి కట్టాలి, అది కూడా పెట్టినవాడికి నొప్పి కలగనంత, పెట్టనివాడికి నొప్పి కలిగేంత ఉండాలి అన్నాను. “ఆ రేటు ఎవరు తేలుస్తారు, నువ్వా?” అన్నాడు. తేల్చడానికే కదా టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఉన్నది. ట్రాయ్ 2024లో తెచ్చిన నియమాల ప్రకారం కంపెనీలు ఎక్కడెక్కడ తమ సిగ్నల్ ఉందో మ్యాపులు వెబ్‌సైట్లలో పెట్టాలి. ఆ మ్యాపులను ఒకదాని మీద ఒకటి పరిచి చూస్తే, ఒకరిది ఉండి ఇంకొకరిది లేని రోడ్లు వాటంతట అవే కనబడతాయి. ముందు అక్కడ మొదలుపెట్టమనండి.

ఇక మావాడి సంగతి. తిరుపతి నుంచి వచ్చిన మంగళవారం నాడు పెట్టె ఊడదీశాం. దుకాణదారు వెనక్కి తీసుకోడని తెలిసిందే, ‘నానిద్దీని’ అన్న మనిషి ఆ రోజు కొట్లో లేడు. వాడి ఫోన్‌లో రెండో సిమ్ వేరే కంపెనీది వేయించాను. బండిలో ఆ రెండో కంపెనీ సిమ్‌తోనే ఒక 4జీ రూటర్ పెట్టించాను, బయట యాంటెన్నా తగిలించుకునే రకం. అది బూస్టర్ కాదు, దానంతట అదే ఒక ఫోన్ లాంటిది. టవర్ గొంతు తగ్గించమంటే తగ్గిస్తుంది. ప్యాసింజర్లకు వైఫై వస్తుంది. అందరూ ఒకేసారి వాడితే నత్తనడకే, ఘాట్‌లో రెండు మూడు చోట్ల ఇప్పటికీ పోతుంది. నెలకు రెండు రీచార్జీలు అదనం, దాని మీద వాడు నన్ను తిడుతూనే ఉంటాడు.

పోయిన వారం వాడి బండి మా ఇంటి ముందు ఆగినప్పుడు పైకి చూశాను. రూటర్ యాంటెన్నా ఒక పక్క ఉంది. పాత బూస్టర్ యాంటెన్నా కూడా ఏసీకీ క్యారియర్‌కూ నడుమ అలాగే నిలబడి ఉంది, కేబుల్ తోక కత్తిరించి చుట్టేసి ఉంది.

“ఇదెందుకురా ఇంకా?”

“ఉండనీ బావా. దాన్ని చూసినాకనే బుక్ చేస్తున్నారు.”